సముద్రం పక్క

ఎతువాతి వెనక్కి తిరిగి చూసేసరికి అక్క కూర్చున్న సీట్లో ఎవరో అమ్మాయి చెవుల్లో తీగలు పెట్టుకుని కూర్చుని ఉంది. బస్సంతా రెండుసార్లు కలయజూశాడు. ఊదారంగు గౌను లేదు, చేతికర్ర లేదు, అక్క లేదు. బస్సు మాత్రం తన మానాన తాను ఎప్సమ్ మీదుగా ఆక్లండ్ నడిబొడ్డుకు పోతూనే ఉంది.

అక్క తప్పిపోవడం ఒక ఎత్తు. అరవయ్యేడేళ్ళ మనిషి, నోరున్న మనిషి, ఎక్కడో ఒకచోట తేలుతుంది. కానీ ఇరవై నిమిషాల కిందట ఒనెహుంగా బస్టాపులో బెంచీ మీద కూర్చుని, శాలువా చాటున పొట్టకి ఇన్సులిన్ సూది వేసుకుంది తిరెసా. సూది పడ్డాక అరగంటలోపు నోట్లో ముద్ద పడాలి. ఆ ముద్ద ఎతువాతి చేతిసంచిలో ఉంది. ఉడికించిన చేమదుంపలు, కొబ్బరిపాలు పోసి వండిన చేమాకు, ఫ్లాస్కు నిండా చక్కెర దట్టించిన వేడి కోకో, అన్నీ ఇతని దగ్గరే. ఆమె దగ్గర కర్ర, విసనకర్ర తప్ప చిల్లిగవ్వ లేదు.

సూది అక్కడే వేసుకోమన్నది ఎవరనుకున్నారు? ఈయనే.

"ఓడరేవులో దిగాక వేసుకుంటాలేరా," అంది తిరెసా.

"అక్కడ జనం కిటకిటలాడుతుంటారక్కా. అంతమందిలో పొట్ట బయటపెట్టుకుంటావా? ఇక్కడే కానిచ్చెయ్. అది పనిచేసే వేళకి మనం రేవులో కూర్చుని తింటూ ఉంటాం."

"ఎంతసేపు పడుతుందేంటి?"

"అరగంట. దారి నాకు తెలుసుగా."

తెలుసట. వారం కిందట సమోవాలోని సవాయి దీవి నుంచి వచ్చి విమానం దిగిన మనిషి, మేనకోడలి మొగుడు కార్లో ఒక్కసారి తిప్పితే తెలిసిపోయిన దారి. మేనకోడలు లాంగి పొద్దున్నే నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆదివారం దాకా ఆగు మామయ్యా, నేనే తిప్పుతాను అంది. పోనీ ఇంట్లో తినేసి బయల్దేరండి అంది. చెవిన పెడితేగా. ఊరి సభలో అందరి తరఫునా నిలబడి గంటసేపు గుక్క తిప్పుకోకుండా మాట్లాడగల ఘటం, అలాంటివాడికి బస్సెక్కడం ఒకరు నేర్పాలా? రేవూ, ఓడలూ, ఆకాశాన్నంటే ఆ టవరూ తానే చూపిస్తానని అక్కకి మాటిచ్చేశాడు. లాంగి చేసేది లేక తన పాత ఫోను మామయ్య కోటు జేబులో పెట్టి, దాని నంబరు పెద్దమ్మ ముంజేతి మీద బాల్‌పెన్నుతో రాసింది. బడిపిల్లకి రాసినట్టు ఏంటే ఈ రాతలు అని ఎతువాతి పగలబడి నవ్వాడు.

ఇప్పుడు బెల్లు నొక్కి, తర్వాతి స్టాపులో దిగి, ఆ దేశంలో చలికాలమైన జూలై గాలిలో రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఏం జరిగిందో నెమ్మదిగా తట్టింది. మా దీవుల్లో బస్సుకొక మర్యాద ఉంది. పెద్దవాళ్ళు ఎక్కితే ముందు సీట్లోవాళ్ళు లేచి వెనక్కి పోతారు, ఎవరూ ఎవరికీ చెప్పరు. రాయల్ ఓక్ స్టాపులో ఒక ముసలావిడ ఎక్కింది. ఎతువాతి అలవాటుకొద్దీ సంచి తీసుకుని లేచి వెనక్కి నాలుగడుగులు వేశాడు. కర్ర పెట్టుకోవడానికి వీలని వెనక తలుపు దగ్గర కూర్చున్న తిరెసా అది చూసి ఉంటుంది. తమ్ముడు సంచితో సహా లేచాడంటే దిగాల్సిన చోటు వచ్చేసిందన్నమాట అనుకుని దిగేసి ఉంటుంది. ఈయనకేమో మధ్యలోనే ఇంకో సీటు దొరికింది. కూలబడి, దారి తెలిసిన మనిషి కదా, దర్జాగా ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

లాంగికి ఫోను చేద్దామని తీశాడు. నొక్కబోయి ఆగాడు. ఆ పిల్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? చివరికి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఆ పిల్ల పనిచేసే చేపల ప్యాకింగు చోట ఫోన్లన్నీ బయట అరలో పెట్టించేస్తారు, మధ్యాహ్నందాకా అంతే.

ఫోను జేబులో పెట్టాడో లేదో మోగింది. తెలియని నంబరు.

"ఒరేయ్, బస్సు నన్నొదిలేసి పోయిందిరా," అంది తిరెసా. ఎవరిదో ఫోను అడిగి, ముంజేతి మీది అంకెలు చూసి నొక్కించుకుంది.

"అక్కా. ఎక్కడున్నావు?"

"నాకేం తెలుసు? కార్లన్నీ గుండ్రంగా తిరుగుతున్నాయి. పళ్ళకొట్టు ముందున్నా. ఈవిడెవరో మంచావిడ, ఫోనిచ్చింది."

"ఒళ్ళెలా ఉంది?"

"చేతులు వణుకుతున్నాయి. చలి కాబోలు."

చలి కాదని అతనికి తెలుసు. "ఆవిణ్ణడిగి ఏదైనా తిను. అరటిపండో ఏదో."

"డబ్బుల్లేకుండా చెయ్యి చాపమంటావా? అయినా నడిరోడ్డు మీద నిలబడి తింటార్రా ఎవరైనా? నువ్వే కదూ, ఊళ్ళో తింటూ నడిచిన కుర్రాళ్ళకి పందిపిల్లల జరిమానా వేయించావు. కూర్చుని తింటాలే. ఎటు రావాలో చెప్పు."

ఇక్కడే ఆ మొండి మనిషి మెడలు వంచి ఉండాల్సింది. అక్కడే ఉండు, కదలకు, కింద కూర్చుని తిను అని గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఊరికి తాను పెట్టిన కట్టుబాటే అక్క నోట వినేసరికి ఎతువాతికి నోరు రాలేదు. పైగా, దగ్గరే కదా, పది నిమిషాల్లో కలుస్తాం కదా అనుకున్నాడు.

"సరే. సముద్రం పక్కకి నడిచి రా. నేను ఎదురొస్తున్నా. కలిసి కూర్చుని తిందాం."

"సముద్రం పక్కకే కదా. సరే సెఫో," అని ఫోను పెట్టేసింది.

సెఫో వాళ్ళ పెద్దన్నయ్య. చనిపోయి పన్నెండేళ్ళయింది. చక్కెర పడిపోతే మనిషికి మాట తడబడుతుంది, మనుషులు కలగాపులగమైపోతారు, ఆ తర్వాత స్పృహ తప్పుతుంది అని ఊళ్ళో నర్సమ్మ ఒకటికి పదిసార్లు చెప్పింది. వెంటనే అదే నంబరుకి తిరిగి చేశాడు.

"వెళ్ళిపోయిందండీ. తీపి రొట్టె ఒకటి ఇచ్చాను, డబ్బులొద్దులే అన్నాను. తల వంచి దణ్ణం పెట్టి తీసుకుంది," అంది కొట్టావిడ.

"తిన్నదా?"

"కాగితంలో చుట్టుకుని పట్టుకెళ్ళింది. ఎటెళ్ళిందో చూడలేదండీ, కొట్లో జనం."

ఎటెళ్ళిందో అతను చెప్పగలడు. సముద్రం పక్కకి. మాకు ఊహ తెలిసినప్పటినుంచి దిక్కులు రెండే, సముద్రం పక్క, కొండ పక్క. చర్చి కొండ పక్క, బడి సముద్రం పక్క. పడుకున్నవాణ్ణి జరగమనాలన్నా సముద్రం పక్కకి జరగరా అంటాం. బుగ్గకి కూర అంటుకుంటే కొండ పక్క బుగ్గ తుడుచుకో అంటాం. చుట్టూ నీళ్ళు, నడుమ కొండ, ఇంకేం కావాలి? ఆ మాట నమ్ముకుని మా ఊళ్ళో ఎవడూ దారి తప్పింది లేదు.

అందుకే ఎతువాతి వచ్చిన దారినే రాయల్ ఓక్ వైపు వెనక్కి నడక మొదలుపెట్టాడు. ఓడరేవు తన వెనక ఉంది. అక్క సముద్రం పక్కకి వస్తోంది కాబట్టి తనకి ఎదురు రావాలి. లెక్క సరిపోయింది. రోడ్డుకి రెండువైపులా ప్రతి మొహం చూసుకుంటూ నడిచాడు. ఊదారంగు ఎక్కడ కనబడినా ఆగి చూసేవాడు. ఒకసారి అది గొడుగు, ఒకసారి ఎవరి ఇంటి ముందో పూలపొద. పది నిమిషాలు పోయాయి. పావుగంట పోయింది. అక్క ఎంత నెమ్మదిగా నడిచినా ఈపాటికి కనబడాలి. ఎక్కడైనా పడిపోయిందా? పక్కసందులోకి తిరిగిందా? చేతిసంచి బరువు భుజాన్ని లాగేస్తోంది. లోపల ఫ్లాస్కు దుంపల గిన్నెకి తగిలి టంగుటంగుమంటోంది. ఒళ్ళుమండి దాన్ని తిట్టాడు.

సూది పడి యాభై నిమిషాలయింది. ఇక నడిచి లాభం లేదని, ఒనెహుంగా వైపు వెళ్ళే బస్సు వస్తుంటే చెయ్యెత్తి ఎక్కేశాడు.

డ్రైవరు సమోవాకి పొరుగు దీవులైన టోంగా మనిషి, స్టీరింగుకీ సీటుకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నంత భారీ శరీరం. ఎతువాతి తన భాష సగం, వాళ్ళ భాష సగం కలిపి అడిగాడు.

"బాబూ, దారిలో ఒక ముసలావిడ కనబడిందా? ఊదారంగు గౌను, చేతికర్ర. సముద్రం పక్కకి నడుస్తూ ఉండాలి."

"ఏ సముద్రం?"

"ఏ సముద్రమేంటయ్యా? సముద్రం."

డ్రైవరు నవ్వాడు. "మీ సమోవాలో ఒక్కటే ఉందేమో పెద్దాయనా. ఈ ఊరికి రెండు. నీ వెనకాల ఓడల సముద్రం. నా ముందు ఒనెహుంగా సముద్రం. ఊరంతా ఆ రెండిటి మధ్య సన్నటి గట్టు మీదుంది. మా టోంగావాళ్ళకి దిగిన రోజే తెలిసిపోతుందిలే."

మామూలప్పుడైతే ఒక టోంగావాడు ఇంత మాటన్నందుకు ఎతువాతి వాడి ముత్తాతల దగ్గర్నుంచి ఎత్తుకునేవాడు. ఇప్పుడు ఆ మాట పట్టించుకునే తీరిక లేదు. బస్సు అద్దంలోంచి చూశాడు. రోడ్డు పల్లానికి వాలినచోట, ఇళ్ళ కప్పుల పైన, బూడిదరంగు నీళ్ళు మెరుస్తున్నాయి. వారం రోజులుగా అక్క సాయంత్రం పూట లాంగి ఇంటి దగ్గర కాళ్ళు తడుపుకుంటున్న నీళ్ళు అవే. ఆమె ఎరిగిన సముద్రం అదొక్కటే. ఓడరేవు చూసింది తాను, కార్లో. ఆమె ఇంతవరకూ దాన్ని చూడనే లేదు. సముద్రం పక్కకి రా అంటే ఆమె ఎటు పోతుంది?

తనే పంపాడు. ఒంట్లో సూదిమందుతో, ఖాళీ కడుపుతో, తనకి దూరంగా తనే నడిపించాడు.

అప్పుడు ఎతువాతి బస్సులో లేచి నిలబడ్డాడు. ఊరి సభలో మాట్లాడేటప్పుడు చేత పట్టే కర్ర లేదు, భుజం మీద వేసుకునే కొబ్బరిపీచు చామరం లేదు. ఒంటి మీద మేనకోడలి మొగుడి కోటు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. పుట్టి బుద్ధెరిగాక అంత చిన్న ఉపన్యాసం ఎప్పుడూ ఇవ్వలేదు.

"అమ్మల్లారా, అయ్యల్లారా. మా అక్క తప్పిపోయింది. ఇన్సులిన్ సూది వేసుకుంది, ఏమీ తినలేదు. తప్పు నాది. ఎవరైనా చూశారా?"

అందరూ తలలు అడ్డంగా ఊపారు. రాయల్ ఓక్‌లో బస్సు ఆగింది. సరుకుల సంచులతో ఒక తెల్లావిడ ఎక్కుతుంటే డ్రైవరే ఆమెనూ అడిగాడు. ఆవిడ సంచులు కింద పెట్టింది.

"ఊదారంగు గౌనావిడా? ఇందాక నేను పైకి వస్తుంటే కనబడింది. ఇరవై నిమిషాలైంది. కిందికి వెళ్తోంది, తూలుకుంటూ." ఆగి, ఎతువాతి మొహం చూడలేక కిటికీ వైపు తిరిగింది. "తాగి ఉందనుకున్నానండీ. తప్పుకుని అవతలి వైపుకి వచ్చేశాను. క్షమించండి."

ఎతువాతికి తల కొట్టేసినట్టయింది. చర్చిలో మొదటి వరసలో కూర్చునే మనిషి, జన్మలో చుక్క ముట్టని మనిషి, ఆమెని చూసి జనం రోడ్డు దాటి పోతున్నారు. ఆవిడ మీద కోపం రావాలి, రాలేదు. ఆవిడ అప్పటికే ఫోను తీసి అంబులెన్సుకి చెబుతోంది.

"ఎవరైనా మధ్యలో దిగాలా?" అని అరిచాడు డ్రైవరు. బెల్లు నొక్కి లేచిన ఒకాయన, "పర్లేదు, పోనివ్వు," అని మళ్ళీ కూర్చున్నాడు. బస్సు ఎక్కడా ఆగకుండా పల్లంలోకి దిగింది. చివరి స్టాపులో తలుపు తీస్తూ డ్రైవరు, "నేరుగా కిందికి, పెద్దాయనా. నీళ్ళ దగ్గర బెంచీలుంటాయి," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

ఎతువాతికి అరవై నాలుగేళ్ళు, శరీరం కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. అయినా పరుగెత్తాడు. ఒక చెప్పు ఊడిపోయింది, వదిలేశాడు. పచ్చిక తడిసి ఉంది, జారి మోకాళ్ళ మీద పడ్డాడు, ఫ్లాస్కు పగల్లేదు కదా అని తడిమి చూసుకుని మళ్ళీ లేచాడు. మొదటి బెంచీ ఖాళీ. రెండోదాని మీద ఎవరో కుక్కతో కూర్చున్నారు. మూడోదాని మీద ఊదారంగు.

తిరెసా నిటారుగా కూర్చుని ఉంది. అంత చలిలోనూ మొహమంతా చెమట కారుతోంది. పెదాలు పాలిపోయాయి. ఒళ్ళో కాగితం, కాగితంలో చెక్కుచెదరని తీపి రొట్టె. పక్కన ఎవరూ లేకపోయినా ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది.

"అక్కా."

ఆమె తలెత్తి చూసింది. "సెఫో ఇప్పుడే వస్తానని అటెళ్ళాడు. నువ్వెవరబ్బాయివి నాయనా?"

ఎతువాతి గబగబా ఫ్లాస్కు మూతలోకి కోకో ఒంపాడు, సగం పచ్చిక మీద పోయింది. ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె మొహం తిప్పేసుకుంది.

"మా తమ్ముడొస్తాడు. వచ్చాక కలిసి తింటాం."

"నేనేనక్కా. ఎతువాతిని."

"ఎతువాతి ఊరి పెద్ద." నాలుక మడతపడుతోంది, అయినా ఆ మాటలో గర్వం ఉంది. "ఇలా బురద పూసుకుని ఏడుస్తూ పరుగెత్తడు."

బతిమాలాడు. గడ్డం పట్టుకున్నాడు. ఆమె పళ్ళు బిగించింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. కళ్ళు మూసుకున్నాక పోస్తే గొంతుకి అడ్డం పడుతుందని నర్సమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే దారి. దానిమీద అతనికే అసహ్యం వేసింది. కన్నీళ్ళు తుడుచుకుని, నడుం నిటారుగా పెట్టి, పొద్దున సూది వేసుకోమన్న ఆ ఊరి పెద్ద గొంతుతోనే అన్నాడు.

"తిరెసా. సభ కూర్చుంది. తాగు."

ఆమె నోరు తెరిచింది. ఒక గుటక. ఇంకొకటి. మూత ఖాళీ చేసింది. ఇంకో మూత ఒంపాడు, అదీ తాగింది. అతను ఆమె వీపు పట్టుకుని, ఒక్కో గుటకనీ లెక్కపెడుతూ నిలబడ్డాడు. అంతకు మించి చేయగలిగింది లేదు. నీళ్ళ మీది గాలి ఇద్దరినీ కోసేస్తోంది. చాలాసేపు ఏమీ మారలేదు. ఆ తర్వాత చేతుల వణుకు తగ్గింది. మరికాసేపటికి కళ్ళు ఒకచోట నిలిచాయి.

"ఒరేయ్ ఎతువాతి. అల్లుడి కోటుకి ఆ బురదేంట్రా? లాంగి చంపేస్తుంది."

ఎతువాతి పచ్చిక మీద కూలబడిపోయాడు.

"చేతిలో రొట్టె ఉందిగా అక్కా. కూర్చున్నావు కూడా. ఎందుకు తినలేదు?"

తిరెసా రొట్టె వైపు కొత్తగా చూసింది. "కలిసి తిందామన్నావుగా," అంది. నిష్టూరం లేదు, ఏమీ లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

మా దీవుల్లో పెద్ద తప్పు చేసినవాడు చాప కప్పుకుని, తప్పు జరిగినవాళ్ళ గుమ్మం ముందు తల వంచుకుని కూర్చుంటాడు. లోపలివాళ్ళు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే ఎండైనా వానైనా అక్కడే. అలా కూర్చున్నవాళ్ళ తరఫున ఎతువాతి ఎన్నోసార్లు మాట్లాడాడు. తాను కూర్చోవడం మాత్రం ఎన్నడూ లేదు.

కోటు విప్పాడు. అక్క కాళ్ళ ముందు తడి పచ్చిక మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆ కోటు తలమీదుగా కప్పుకుని వంగాడు. కుక్కతో కూర్చున్న మనిషి లేచి నిలబడి వింతగా చూస్తున్నాడు. చూడనీ.

"ఏంట్రా ఇది," అంది తిరెసా పైనుంచి. "లే, మోకాళ్ళు పట్టేస్తాయి."

అతను లేవలేదు. ఆమె కోటు ముట్టుకోలేదు. తర్వాత కాగితం విప్పిన గరగర. రొట్టె తుంచిన చప్పుడు. ఎక్కడో అంబులెన్సు కూత మొదలైంది.

కోటు కింద చీకట్లో ఎతువాతి ఊపిరి బిగబట్టి విన్నాడు. అక్క నములుతోంది. పళ్ళు సరిగ్గా లేని మనిషి కదా, నెమ్మదిగా, చప్పుడు చేస్తూ, ఒక్కో ముక్కనీ బాగా నానబెట్టుకుని నములుతోంది. కోటు ఎప్పుడు తీస్తుందా అని అతను ఎదురు చూడలేదు. ఆ నమలడం ఆగకుండా ఉంటే చాలు.